నీడ నేర్చిన చెట్లు

నాకు నా తోటికోడలి మీద అసూయ. ఈ మాట ఇంతవరకూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. మా ఆయనకు చెబితే నవ్వేస్తాడు. అత్తగారికి చెబితే సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. విజయవాడలో కాలువ గట్టు మీద నడిచేవాళ్ళకు నీడనిచ్చే చెట్లను తయారుచేసింది నేను. పన్నెండేళ్ళు వాటి మీదే కూర్చున్నాను. పేరు మాత్రం ఆవిడకొచ్చింది. పేపర్లో ఆవిడ ఫోటో మూడు కాలమ్‌ల వెడల్పున వేశారు. నా పేరు చివరి పేరాలో వేశారు, అదీ అక్షరం తప్పుతో.

ఎండల సంగతి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా ఊళ్ళో ఇప్పుడు మార్చి నెలలోనే నలభై రెండు దాటుతోంది. గట్టు మీద రెండున్నర కిలోమీటర్ల నడకదారి వేశారు, ఎర్ర పలకలు పరిచారు, బెంచీలు పెట్టారు. పొద్దున ఏడు దాటితే ఆ పలకల మీద కుక్క కూడా అడుగు పెట్టదు. నాటిన మొక్కలు మూడుసార్లు మాడిపోయాయి. బతికి బట్టకట్టినవి కూడా పదింటికల్లా ఆకులు ముడుచుకునేవి. తప్పు వాటిది కాదు. అంత ఎండలో ఆకులు విప్పుకుని నిలబడితే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది. మనిషికి నీడ ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే చెట్టు తన ప్రాణం చూసుకుంటుంది.

నాకొచ్చిన ఆలోచన చిన్నది. నీడ రోజంతా ఉండక్కర్లేదు, కింద మనిషి నడిచేటప్పుడు ఉంటే చాలు. నిద్రగన్నేరు చెట్టు సాయంత్రం ఆకులు ముడిచి, పొద్దున విప్పుతుంది. ఆకు మొదట్లో చిన్న బుడిపె ఉంటుంది. అందులోకి నీరు చేరితే ఆకు విచ్చుకుంటుంది, తప్పుకుంటే ముడుచుకుంటుంది. ఆ బుడిపెకు మనిషి చెమట వాసన పట్టే గుణం తగిలించాను. ఒక రోజు నస్రీన్, అంటే నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, లిఫ్టు పనిచేయక నాలుగంతస్తులెక్కి రొప్పుతూ లోపలికొచ్చింది. బల్ల మీద కుండీలో, తన తువాలుతోనే నేర్పిన జానెడు మొక్క చకచకా ఆకులు విప్పింది. నస్రీన్ పది అడుగులు వెనక్కి వెళ్తే ముడుచుకుంది, ముందుకొస్తే విచ్చుకుంది. ఆ పిల్ల అలా ఇరవైసార్లు తిరిగింది. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

అయితే ఆ విద్య మొక్కకు ఊరికే రాదు, నేర్పాలి. మొలకెత్తిన నలభై రోజుల్లో, నీళ్ళు పోసే ప్రతిసారీ పక్కన చెమట గుడ్డ వేలాడుతూ ఉండాలి. నీళ్ళూ వాసనా కలిసి అందితే మొక్క ఆ రెండింటినీ ముడివేసుకుంటుంది. ఎవరి వాసన నేర్పితే వాళ్ళకే విచ్చుకుంటుంది కాబట్టి ఊరందరి వాసనా నేర్పాలి. రకరకాల వాసనలు వందల్లో కలిసి అందితే మొక్క మనిషి వాసననే పట్టేస్తుంది, అందుకని రెండువందల మంది దగ్గర తువాళ్ళు సేకరించే ఏర్పాటు చేశాం. ఆటోవాళ్ళు, కూరగాయలమ్మేవాళ్ళు, బడిపిల్లలు, కసరత్తు చేసేవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. ఆ మూట విప్పితే మా ప్రయోగశాలలో గట్టి ప్రాణాలు కూడా కిటికీ దగ్గరికి పరిగెత్తేవి.

ఇక ఇంటి సంగతి. మా ఇల్లు గట్టుకు రెండు వీధుల ఇవతల ఉంటుంది. మా మరిది పెళ్ళి చేసుకుని కుమారిని తీసుకొచ్చేనాటికి నా కూతురు హంసినికి ఆరునెలలు. ఆవిడ పూర్తి పేరు శేషకుమారి, వాళ్ళ నాయనమ్మ పేరట. దివిసీమ పిల్ల, పదో తరగతి దాకా చదివింది. వచ్చిన వారానికే పిల్లను నా చేతుల్లోంచి అందుకుని, నువ్వెళ్ళి పని చూసుకో అక్కా అంది. ఆరోజు నేనెంత సంతోషించానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నేను ప్రయోగశాలకు వెళ్ళాను. పిల్ల ఆవిడ ఒళ్ళో పెరిగింది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

హంసినికి పన్ను ఊడితే ముందు పిన్నికి చూపిస్తుంది. జ్వరమొస్తే పిన్ని కావాలంటుంది. నేను పక్కన పడుకుంటే మర్యాదగా జరిగి చోటిస్తుంది, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. నేను ఖరీదైన దుప్పటి కొన్నాను, బొమ్మలున్న దిండు కొన్నాను. అది మాత్రం పిన్ని పాత మంగళగిరి చీరనే ఉండచుట్టి చెంప కింద పెట్టుకునేది. నీలం చీర, అంచు చిరిగింది. దాన్ని ఉతకనిచ్చేది కాదు, ఉతికితే పిన్ని వాసన పోతుందని.

మొక్కలు నాటాల్సిన ఏడాది మే నెలలో మా గాజుగదిని చల్లబరిచే యంత్రం చెడిపోయింది. లోపల మూడువందల ఇరవై మొలకలున్నాయి. రెండురోజులు ఆగితే అన్నీ పోతాయి. అప్పటికప్పుడు మా డాబా మీద తడికెల పందిరి వేయించి మొలకలన్నీ అక్కడికి చేర్చాను. అనుమతుల కోసం నేను ఢిల్లీ వెళ్ళాలి. నీళ్ళు పోసే పని కుమారి తీసుకుంది. నస్రీన్ రోజూ తువాళ్ళ మూట పంపేది, కుమారి వాటిని మొక్కల మధ్య తాళ్ళకు కట్టేది. కట్టానని ఫోటోలు కూడా పంపేది. తువాళ్ళన్నీ మల్లెపువ్వుల్లా తెల్లగా, వరసగా ఉండేవి. ఆ తెలుపు చూసి నాకు అనుమానం రావాలి. రాలేదు. తిరిగొచ్చాక కూడా మీటింగుల్లో పడి, నలభై రోజుల్లో నేను డాబా ఎక్కింది రెండుసార్లు.

మూడేళ్ళకు చెట్లు పాతికడుగులు పెరిగాయి. గట్టుకు రెండు వైపులా కొమ్మలు పైన కలుసుకున్నాయి. అంతదాకా దారి మూసి ఉంచి ఎవరినీ ఎక్కనివ్వలేదు, నేను వెళ్ళినా పొద్దుగూకాకే, అప్పుడు ఆకులు ఎలాగూ ముడిచే ఉంటాయి. నడకదారి ప్రారంభం ఏప్రిల్లో, పొద్దున తొమ్మిదింటికి పెట్టుకున్నారు, ఎండలో పెడితేనే కదా విశేషం. మున్సిపల్ కమిషనర్ గారు రిబ్బన్ కత్తిరించి నడిచారు. ఆయన వెనక నడకదారి కమిటీవాళ్ళు, వాళ్ళ వెనక కెమెరాలు. నేను కొత్త పట్టుచీరలో పక్కన నడుస్తూ పైకి చూశాను. ఒక్క ఆకు కదల్లేదు. యాభై అడుగులు, వంద అడుగులు నడిచాం. ముడుచుకున్న ఆకుల మధ్య నుంచి ఎండ సూటిగా మా నెత్తిన పడుతోంది. కమిషనర్ గారు మెడ తుడుచుకుని నావైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే వెనక నుంచి గాలివాన వస్తున్నట్టు ఒక చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కుమారి వస్తోంది. ఒక చేతిలో నేను ఇంట్లో మర్చిపోయిన టిఫిన్ క్యారేజీ, ఇంకో చేతిలో హంసిని చెయ్యి ఉంది. ఆవిడ మీద ఆకులు గుంపులు గుంపులుగా విచ్చుకుంటున్నాయి, ఆవిడ దాటగానే ముడుచుకుంటున్నాయి. పందిరంత నీడ ఆవిడతో పాటు నడిచొస్తోంది. ఆవిడకు ఏం జరుగుతోందో తెలియదు. అందరూ తననే చూస్తున్నారని సిగ్గుపడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, క్యారేజీ నా చేతికిచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. హంసిని పైకి చూసి, మా పిన్ని చెట్లు, అంది. ఆ మాట మైకులో పడింది.

ఇంటికొచ్చాక తువాళ్ళ సంగతి అడిగాను. చక్కగా ఉతికే కట్టానని చెప్పింది. ఎందుకు ఉతికావని అరిచాను. కుమారి తెల్లబోయింది.

"అట్టా మురికివి ఎట్టా కడతానక్కా? చంటి మొక్కలాయె. వేడినీళ్ళల్లో ఉడకబెట్టి, సబ్బెట్టి ఉతికి, ఎండలో ఆరేసి మరీ కట్టా."

రోజూ వచ్చిన మూట రోజూ ఉతికిందట, నలభై రోజులూ. ఎండ ఎక్కువైతే తన తడి కొంగు మొలకల మీద కప్పిందట, అవి తల వాలిస్తే పక్కన కూర్చుని విసిరిందట. ఊరందరి వాసనా సబ్బుతో పోయింది, మిగిలింది ఆవిడ ఒక్కదాని చెమట. మా అత్తగారు పక్కనే కూర్చుని పప్పు ఏరుతూ, నువ్వు కన్నావు, అది పెంచింది, చెట్టయినా పిల్లయినా పెంచినవాళ్ళనే కదా ఎరుగుద్ది, అని నవ్వింది. సరదాకే అంది. నేను లేచి గదిలోకి వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి మా ఇంటి ముందు జనం చేరారు. పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం నాలుగింటికీ కుమారి గట్టు మీద నడుస్తుంది, ఆవిడ చుట్టూ అరవైమంది నడుస్తారు. ముసలివాళ్ళకు ఆవిడ పక్కనే చోటు. గర్భిణులకు ముందు వరస. దూరం నడిచేవాళ్ళ కోసం రెండు విడతలు. నీడమ్మ అని పేరు పెట్టారు. హంసిని ఆవిడ చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడిచేది, మహారాణి పక్కన రాకుమారిలాగా. బడిలో మీ ఇంట్లో మీకిష్టమైన వ్యక్తి గురించి రాయమంటే రెండు పేజీలు పిన్ని గురించి రాసింది. నా గురించి ఒక వాక్యం ఉంది. మా అమ్మ కూడా చెట్ల ఆఫీసులో పనిచేస్తుంది, అని.

ఒకరోజు నేనొక్కదాన్నే గట్టు మీదకు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండు. ప్రతి చెట్టు కిందా నిలబడ్డాను. చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది. వాటి విత్తనాన్ని నేను మార్చాను, వాటి ప్రతి కణం నాకు తెలుసు. ఒక్కటి కూడా విచ్చుకోలేదు. మీకు నేనెవరో తెలుసా అని చెట్టును అడిగాను, నవ్వకండి, నిజంగానే పైకి అడిగాను. బెంచీ మీద పల్లీలమ్ముకునే ఆవిడ నన్ను జాలిగా చూసి, నీడమ్మ నాలుగింటికి వచ్చుద్దమ్మా, అంతదాకా ఎండలో ఉండబాకు, అని చెప్పింది.

మే రెండో వారంలో కుమారికి జ్వరం వచ్చింది. ఆవిడ వస్తుందని గట్టు మీద కాచుకు కూర్చున్న సుందరరామయ్య గారు, రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, వడదెబ్బ తగిలి పడిపోయారు. నాలుగురోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు. నడకదారి కమిటీ కంగారుపడింది. ఒక్క మనిషి మీద ఇంత ఊరు ఆధారపడితే ఎలా, చెట్లను అందరికీ విచ్చుకునేలా చేయాలి, ఎంత కాలం పడుతుంది అని నన్నడిగారు.

రెండు మార్గాలున్నాయి. నస్రీన్ ముందు రోజే వాటిని బోర్డు మీద రాసింది. మొదటిది నెమ్మది మార్గం. చెట్ల మొదళ్ళకు సన్న పైపుల్లో నీళ్ళు వదిలే ప్రతిసారీ ఊరందరి చెమట గుడ్డలు కట్టాలి. ఒక ఏడాది పడుతుంది. వచ్చే వేసవికి చెట్లు అందరినీ ఎరుగుతాయి, కుమారిని మర్చిపోవు. ఈలోగా గుడ్డ పందిళ్ళతో సరిపెట్టుకోవాలి. రెండోది ఇరవైరోజుల మార్గం. తొమ్మిదిరోజులు నీళ్ళు పూర్తిగా ఆపేసి, కుమారి వాసన ఒక్కటే చెట్ల మీద చల్లాలి. ఆ వాసన అంటే దాహం అని చెట్టు నేర్చుకుంటుంది, పాత ముడి తెగిపోతుంది. ఆ తర్వాత నీళ్ళతో పాటు ఏ వాసన పెట్టినా, ఆవురావురుమని ఉన్న చెట్టు పదకొండు రోజుల్లో పట్టేస్తుంది. కానీ కుమారి కనిపిస్తే విచ్చుకున్న ఆకు కూడా ముడుచుకుంటుంది. ప్రాణం మీదకొచ్చి నేర్చుకున్నది చెట్టు మళ్ళీ మర్చిపోదు.

కమిటీకి నేను రెండోది ఒక్కటే చెప్పాను. ఇరవై రోజులు అన్నాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గది చివర కూర్చున్న నస్రీన్ నావైపు చూసింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆపింది.

"మేడం, ఆవిడకు చెప్పారా?"

చెబుతానన్నాను. ముసలివాళ్ళు పడిపోతుంటే ఏడాది ఎలా ఆగుతామని కూడా అన్నాను. ఆ మాటలో నిజముంది. అందుకే నాకు అంత ధైర్యం వచ్చింది.

కుమారిని పాత చీరలు అడిగాను. చెట్లు అందరినీ గుర్తుపట్టే మందు తయారుచేయాలి, దానికి నీ చీరలు కావాలి అన్నాను. ఆవిడ సంబరపడిపోయింది. సుందరరామయ్య గారు పడిపోయింది తన వల్లే అని జ్వరంలో కూడా ఏడ్చిన మనిషి. ఇరవై చీరలు తీసి మంచం మీద పెట్టింది. నేను పక్కకు తిరిగేసరికి బకెట్లో నానబెట్టబోయింది. ఉతకని బట్టలు బయటికి ఎట్టా ఇస్తాం అక్కా, మన పరువేం కాను, అంది. బకెట్ లాక్కున్నాను. అప్పటికే అవన్నీ వారానికోసారి ఉతికి గంజిపెట్టి మడతపెట్టినవి. వాటిలో వాసన ఏమాత్రం మిగిలిందో నాకు అనుమానమే.

ఇంట్లో ఉతకని చీర ఒక్కటే ఉంది. హంసిని పక్కింటికి ఆడుకోవడానికి వెళ్ళినప్పుడు దాని మంచం దగ్గరికి వెళ్ళాను. నీలం మంగళగిరి చీర దిండు పక్కన ఉండచుట్టి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకా చీర పట్టుకుని పడుకోవడమేంటి, ఎప్పుడో ఒకప్పుడు మానాలిగా, అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ చీరను ఆ ఇంట్లోంచి పంపించేయాలని నాకు ఏళ్ళ తరబడి కోరిక. మూటలో అన్నిటికంటే అడుగున పెట్టాను.

ఆ సాయంత్రం హంసిని ఇల్లంతా వెతికింది. పాతబట్టలవాడికి పోయిందేమో అన్నాను. అది ఏడవలేదు. పిన్ని దగ్గరికెళ్ళి ఆవిడ చీర కుచ్చిళ్ళల్లో మొహం పెట్టుకుని నిలబడింది.

నస్రీన్ ఆ చీరలన్నిటినీ ముక్కలు చేసి, స్పిరిట్లో నానబెట్టి సారం తీసింది. దాన్ని యంత్రంలో పెట్టి చూసి, గీతల కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఇందులో ఎక్కువ భాగం ఒక్క చీరలోంచే వచ్చింది మేడం, పైగా ఇందులో రెండో మనిషి వాసన కూడా ఉన్నట్టుంది, ఇంకోసారి వడకడదామా అని అడిగింది. నేను ఫోన్లో కమిషనర్ గారితో తారీకు ఖాయం చేస్తున్నాను. చేత్తోనే పొమ్మన్నాను.

తొమ్మిదిరోజులు చెట్లకు నీళ్ళు ఆపేశాం. చిటారు కొమ్మలు ఎండి రాలాయి. జనం ముక్కున వేలేసుకున్నారు. కుమారి మాత్రం రోజూ గట్టు చివర నిలబడి చూసేది. అక్క చేస్తోందిగా, బాగవుతాయి అని అందరికీ సర్దిచెప్పేది. పదో రోజు నీళ్ళు వదిలాం, ఊరందరి తువాళ్ళు కట్టాం, ఈసారి నస్రీనే స్వయంగా కాపలా ఉంది. ఇరవయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి దారి తెరిచారు.

అందరికంటే ముందు నేను నడిచాను. పది అడుగులు వేశానో లేదో నా మీద ఆకులు విచ్చుకున్నాయి. ఆ చల్లదనం నెత్తిమీద పడింది. నా వెనక పల్లీలమ్మే ఆవిడ నడిచింది, ఆవిడకూ విచ్చుకున్నాయి. సుందరరామయ్య గారు కర్ర పట్టుకుని నడిచారు, ఆయనకూ విచ్చుకున్నాయి. కాసేపటికి గట్టంతా పచ్చటి కప్పులా మూసుకుపోయింది. కమిషనర్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. కెమెరాలు నావైపు తిరిగాయి. ఇన్నేళ్ళలో నేను అంత సంతోషంగా ఎన్నడూ లేను. ఇది కూడా ఒప్పుకోవాలి.

అప్పుడు హంసినిని తీసుకుని కుమారి గట్టెక్కింది. ఆవిడ అడుగుపెట్టిన చోట ఆకులు ఒక్కసారిగా ముడుచుకున్నాయి. గొడుగు మూసినట్టు చప్పుడైంది. ఎండ గుండ్రంగా ఆవిడ మీద పడింది. ఆవిడ పైకి చూసింది, పక్కనున్న చెట్టు కిందకు జరిగింది. అదీ ముడుచుకుంది. నడిచినకొద్దీ ఆ ఎండ ఆవిడతో పాటు నడిచింది. మొన్నటిదాకా ఆవిడ భుజం రాసుకుని నడిచినవాళ్ళే, తమ నీడ పోతుందని ఇటూ అటూ జరిగారు.   పల్లీలమ్మే ఆవిడ కూడా గంప తీసుకుని జరిగింది.

కుమారి నిలబడిపోయింది. మొహం మీద ఎండ పడుతుంటే కళ్ళు చికిలించి, పిల్లకు ఎండ తగలకూడదని హంసినిని నావైపు తోసింది. అమ్మ దగ్గరికి పో, అక్కడ నీడుంది, అంది. హంసిని పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. నేను చేతులు చాచాను. నా నెత్తి మీద ఆకులు ముడుచుకున్నాయి.

మొదట కుమారి దగ్గరగా ఉందేమో అనుకున్నాను. కాదు, ఆవిడ ముప్పై అడుగుల దూరంలో ఉంది. హంసినిని పట్టుకుని ఇంకో చెట్టు కిందకు వెళ్ళాను. ముడుచుకుంది. పిల్లను వదిలి రెండడుగులు వెనక్కి వేశాను, నా మీద విచ్చుకుంది. దగ్గరికెళ్ళాను, మళ్ళీ ముడుచుకుంది. ప్రయోగశాలలో నస్రీన్ తిరిగినట్టు అలా ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. నస్రీన్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. యంత్రంలో కనిపించిన రెండో మనిషి ఎవరో ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. తొమ్మిదేళ్ళు చెంప కింద నలిగిన చీరలో పిన్ని వాసన ఎంతుందో, నా కూతురి వాసనా అంతే ఉంది. మూడువందల ఇరవై చెట్లకు వాళ్ళిద్దరినీ చూస్తే దాహం గుర్తొస్తుంది.

ఇంటికొచ్చాక అంతా చెప్పేశాను. నెమ్మది మార్గం ఒకటుందని, అది దాచానని, చీర నేనే తీశానని చెప్పాను. అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మా ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. కుమారి వింటూ హంసిని జడ విప్పి దువ్వుతోంది. చిక్కు తీయడం మానలేదు. 

"నాకు చెప్పి చేస్తే నేనే ఇచ్చేదాన్నిగా. పిల్ల చీర జోలికి ఎందుకెళ్ళారు మీరు?"

తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను ఎన్నడూ మీరు అనలేదు. పెళ్ళయి వచ్చిన మొదటిరోజే అక్కా, నువ్వు అంది. ఆ రోజు తర్వాత మళ్ళీ అక్కా అని పిలవలేదు. కూర తీసుకోండి అంటుంది, ఫోనొచ్చిందండి అంటుంది. మర్యాదకు ఏ లోటూ చేయదు.

దీనికి మందు లేదు. చెట్లను కొట్టేసి కొత్త మొలకలు నేర్పాలి, మూడేళ్ళు పడుతుంది. అలా చేయమని ఉత్తరం రాయాలంటే ఎందుకో కూడా రాయాలి. కాగితం నాలుగుసార్లు ముందు పెట్టుకున్నాను. లక్షల మందికి నీడ దొరికిన చోట ఇద్దరి కోసం చెట్లు కొడతారా అని వాళ్ళు అడగరు, నేనే అడుగుతున్నాను, అడిగి కాగితం లోపల పెట్టేస్తున్నాను. ఇప్పుడు పేపర్లో నా పేరు సరిగ్గానే వేస్తున్నారు.

హంసిని బడి గట్టుకు అవతలి చివర ఉంది. జూన్లో బడులు తెరిచినా ఎండ తగ్గలేదు. పిల్లను ఇక నేనే తీసుకెళ్తానని సెలవు పెట్టాను. ఇకనైనా దాన్ని నా దారికి తెచ్చుకోవాలని నా ఆశ. మొదటిరోజు దాని చెయ్యి పట్టుకుని చెట్ల మధ్య నడిచాను. మా మీద ఆకులు ముడుచుకుంటూ పోయాయి. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. హంసిని తల వంచుకుని నడిచింది. రెండోరోజు కూడా అంతే. గట్టు కింద మట్టిబాటలో, చెట్లకు దూరంగా, కుమారి నల్లగొడుగు వేసుకుని కూరగాయలకు వెళ్తూ కనిపించింది. మావైపు చూడలేదు.

మూడోరోజు సగం దారిలో హంసిని ఆగింది. నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. విసురుగా కాదు, నాకు నొప్పి కలగకుండా.

"అమ్మా, నేను పక్కనుంటే నీక్కూడా ఎండే. నువ్వు నీడలో వెళ్ళు. నేను పిన్నితో వెళ్తాలే."

అని మెట్లు దిగి మట్టిబాటలోకి పరిగెత్తింది. కుమారి గొడుగు పక్కకు వంచి దాన్ని లోపలికి తీసుకుంది, భుజం మీద సంచీ తను అందుకుంది. అది దూరం జరగ్గానే నా మీద ఆకులన్నీ విచ్చుకున్నాయి. నేను కోరుకున్నదే, పన్నెండేళ్ళు పనిచేసింది దీనికోసమే. చల్లగా ఉంది. ఆ చల్లదనంలో ఒక్కక్షణం కూడా నిలబడలేక మెట్లు దిగి వాళ్ళ వెనక ఎండలోకి నడిచాను. నా అడుగుల చప్పుడు విని హంసిని గొడుగు కింద నుంచి తల బయటపెట్టింది.

"ఎండలోకి రాకమ్మా. నీకు తలనొప్పి వస్తుందని పిన్ని చెప్పింది."

నిజమే, నాకు ఎండ పడదు. ఆ సంగతి నా కూతురికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పేంత సేపు దాని దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. నా మీద అది చూపించిన ఆ కాస్త ప్రేమ కూడా పిన్ని నేర్పిందే. మట్టిబాట మధ్యలో ఆగిపోయాను. కుమారి వెనక్కి తిరగలేదు. గొడుగును మాత్రం పిల్లవైపు ఇంకొంచెం వంచింది. వాళ్ళిద్దరూ అలా బడి దాకా నడిచి వెళ్ళారు.